అక్షరానికి రేటు

ఫ్లెక్సీలు వచ్చినంక
నకిరేకల్ల గోడల మీద రాసేటోళ్లం ఇద్దరమే మిగిలినం.
ఒకడు ఆటోల ఎనుక పేర్లు రాస్తడు.
నాకు బ్యాంకోళ్లు దిక్కు.

ఎర్ర రంగు వాళ్లే ఇస్తరు.
అక్షరానికి పన్నెండు రూపాయలు.
ఒత్తులకు, దీర్ఘాలకు లెక్క లేదు.
పొల్లు ఎట్లాగూ పొల్లే.

ఆషాఢంల ఒకనాడు
చిత్తలూరి అండాలు ఇంటికి పొమ్మన్నరు.
గిర్ని అండాలంటే అందరికి ఎరుకే,
ముందటర్రల గిర్ని, ఎనుకర్రల సంసారం.
కారం పట్టే మిషిని కోసం తెచ్చిన అప్పు.
మిషిని ఆగింది గని మిత్తి ఆగలే.

మేనేజరు కారు దిగలే.
నేను నిచ్చెన ఆనిచ్చి, సుద్దతాడుతోటి గీతలు కొట్టి,
"ఈ ఇల్లు బ్యాంకు స్వాధినములో ఉన్నది.
ఎవరూ కొనరాదు, అమ్మరాదు" అని రాసిన.
ఇరవై నాలుగు అక్షరాలు.
రెండు వందల ఎనభై ఎనిమిది.

అండాలు గడపల నిలవడి సదివింది.
ఏడ్వలే, తిట్టలే.
"సైదులూ, 'ధి'కి దీర్ఘం పెట్టలే నువ్వు.
పోతె పోయె ఇల్లు, తప్పు రాతతోటి పోవొద్దు."
కుంచె ముంచి దీర్ఘం పెట్టిన.
దానికి పైసలు రావని ఆమెకు తెల్వది.

ఆ దినం సంది గిర్నికి ఎవ్వరు రాలే.
గోడ సదివినోళ్లు గింజల మూట నెత్తినెత్తుకొని
పక్క సందుకు పోయిండ్రు.
జొన్నలు పట్టిచ్చుకునేతందుకు గూడ
జనం బ్యాంకుకు భయపడ్డరు.

ఆమె బస్సెక్కి పట్నం పోయింది.
అరవై దినాల గడువు ఉండాలెనట,
యాభైరెండు దినాలకే నన్ను నిచ్చెనెక్కిచ్చిండ్రట,
వకీలు వేళ్ల మీద లెక్కపెట్టి చూపిచ్చిండట.
జడ్జి అద్దాలు తీసి, తుడిచి, మళ్ల పెట్టుకొని
మూడు కిస్తులల్ల పావువంతు కట్టు,
అందాక ఇల్లు ముట్టొద్దు అన్నడట.
"కట్టకుంటె?" అని అడిగిన.
"నీ నోట్లె మన్ను వడ" అన్నది.

కోర్టు కాయితంల గోడ ముచ్చట లేదు.
చెరిపే పని మాది కాదన్నరు బ్యాంకోళ్లు.
ఎర్ర రాత ఎర్రగనే ఉన్నది.
నన్ను పిలిచింది అండాలు.

"సున్నం కొట్టనా?"
"వద్దు. ఉండనియ్యి. దాని కింద రాయి."
"ఏం రాయాలె?"
"స్టే."
"అంతేనా?"
"అంతే ఇచ్చిండ్రు."

ముప్పై ఏండ్ల సంది రాస్తున్న,
ఆ మాట ఎన్నడు రాయలే.
స కింద ట ఒత్తు, నెత్తిన ఏత్వం.
ఒక్కటే అక్షరం.
దిగి, నాలుగడుగులు ఎనుకకు పోయి చూస్తె
ఒరిగిన దూలం కింద పెట్టిన గుంజ లెక్క కొట్టింది.
గుంజ అంటె ఇల్లు గాదు.
తీస్తె ఏమైతదో దూలానికి ఎరుక.

మూరెడు ఎత్తు, నీలం రంగు, నా సొంత డబ్బల్నించి.
పన్నెండు రూపాయలు లెక్కగ ఇచ్చింది.
వాయిదా తారీఖు మాత్రం రంగుతోటి వద్దన్నది.
"సుద్దతోటి రాయి. మారుతది."

మారింది.
దసరకు ముందొకసారి, ఎనుక ఒకసారి,
జడ్జి లీవుల ఉన్నడని ఒకసారి.
నేను పొయ్యేసరికి పాత తారీఖును
చెంగుతోటి తుడిచి పెట్టేది,
చెంగుకు సుద్ద, చేతులకు పిండి,
ఏది ఏదో తెల్వకుంట.

రెండో కిస్తు కట్టిన్నాడు కారం మిషిని తిరిగింది.
సందు సందంత తుమ్మింది.
నేను గూడ తుమ్మిన, తిప్పర్తి రోడ్డు దాక వినవడేటట్టు.

నిన్న బ్యాంకోళ్లు ఇంకో గోడ చూపిచ్చిండ్రు.
రేకుల ఇల్లు, ముందట సైకిల్.
రంగు డబ్బ మూత తియ్యకముందే
అరవై దినాలు నిండినయా అని అడిగిన.

మేనేజరు కారు దిగిండు.