రెండు మూరలు

ఫర్వానియాలో గురువారం సాయంత్రం
మలబారు కొట్టు ముందు థర్మకోల్ పెట్టె విప్పుతారు.
మంచుముక్కల మధ్య మల్లెలు.
తెల్లారి ఎక్కడో కోసినవి
మధ్యాహ్నం విమానం ఎక్కి వచ్చినవి,
మాకంటే తక్కువ లగేజీతో.

ఓబులేసు రెండు మూరలు తెచ్చినాడు.
అరబ్బీ పేపర్లో చుట్టి, చొక్కాలోపల పెట్టి,
పార్టిషన్ అవతలి స్టాన్లీ వాళ్ళ కంటబడకుండా.
కంటబడకుంటే మాత్రం? వాసనకు తలుపేముంది.
ప్లైవుడ్డు గోడ మాది.
అటు దగ్గితే ఇటు ఉలిక్కిపడతాం.

అతనికి తెలీదు, అనుకున్నాను.

పోయిన సెప్టెంబరు.
ఏడు నెలలు నిండి నాలుగు రోజులు.
కాన్పుకు ఊరికి పోయే టికెట్టు ఇంకో వారంలో ఉంది.
లోపల కదలిక ఆగిపోయింది,
కరెంటు పోతే ఏసీ ఆగినట్టు.
ఆగినాకే తెలిసింది
అంతసేపూ ఒక చప్పుడు ఉండేదని.

ఆసుపత్రిలో వాడి కాలికి కట్టిన పట్టీ మీద
బేబీ ఆఫ్ నాగవేణి.
కింద అరబ్బీలో ఇంకేదో రాసుంది.
అది వాడి పేరే అయ్యుంటుందని
ఇప్పటికీ ఒక్కోసారి అనుకుంటాను.

మూడో రోజు పాలు పడ్డాయి.
అందరికీ ఫోన్లు చేసినారు గానీ
నా ఒంటికి ఎవరూ కబురు చెప్పలేదు.
అమ్మ గొంతు తగ్గించి చెప్పింది:
మల్లెపూలు గుడ్డలో పెట్టి గట్టిగా కట్టుకో తల్లీ,
అవే ఎండిపోతాయి.

ఆ రోజు సోమవారం. కొట్లో పూలు లేవు.
గురువారం దాకా తడుస్తూ కూర్చున్నాను.
స్టాన్లీ భార్య లిస్సీ తెచ్చింది,
ఎంతైందో ఈనాటికీ చెప్పలేదు.
తన చున్నీతోనే బిగించి కట్టింది.
నాలుగు రోజులు
వాడు తాగాల్సినవి మల్లెలు తాగినాయి.
పసుపెక్కిన పూలను నల్ల కవర్లో వేసి
బలదియా డబ్బాలో పడేసి వచ్చాను.
ఆ తర్వాత గురువారాలు
ఆ కొట్టు ముందు నుంచి నడవలేదు.

ఇప్పుడు ఈజిప్టు డాక్టరమ్మ అంటుంది,
ఆరు నెలలైంది గదా, ప్రయత్నించండి, ఇన్షాల్లా.
ప్రయత్నించండి. తప్పిన పరీక్ష మళ్ళీ రాయమన్నట్టు.
ఫోన్లో ఒక క్యాలెండరు. నెలకు ఐదు పచ్చరోజులు.
నాలుగింటిని నైట్ డ్యూటీ తినేస్తుంది.
మిగిలిన ఒక్క రాత్రి
స్టాన్లీ వాళ్ళ టీవీ ఆగేదాకా ఆగాలి.

పొట్లం విప్పగానే చెయ్యి జాకెట్టు మీదికి పోయింది,
తడిసిందేమోనని.
లేదు. పొడిగానే ఉంది.

"పారేసేదా?" అన్నాడు.

తెలుసన్నమాట.
ఆ నాలుగు రోజులూ గోడవైపు తిరిగి పడుకున్నవాడు
నిద్రపోలేదన్నమాట.

"తెలిసీ ఎందుకు తెచ్చినావు?"

చాలాసేపు గోళ్ళు చూసుకున్నాడు.
"అంతకుముందు కూడా ఇవే పూలు గదా, వేణీ."

లేచి నీడో డబ్బా తీసి చూశాను.
టికెట్టు రద్దయితే వెనక్కొచ్చిన పదకొండు దినార్లు
అందులోనే ఉంటాయి, ఇంట్లో బియ్యం లేని రోజు కూడా
ఇద్దరం ముట్టనివి.
పది ఉన్నాయి.

పూలు తలలో పెట్టుకోలేదు. పారేయలేదు.
ఇద్దరి దిండ్ల మధ్య పెట్టాను.
మళ్ళీ వస్తే వాడే అనుకోకూడదు.
వాడు కాదని కూడా అనుకోకూడదు.
ఇంతకుమించి ఏం ప్రార్థించాలో తెలియక
టీవీలో మలయాళం మాటలు వింటూ పడుకున్నాను.
ఎప్పటికో టీవీ ఆగింది.

తెల్లారి మసీదు పిలుపు అయినాక
టీ పెట్టడానికి అతనే ముందు లేచినాడు.
బనీను వీపున ఒక మల్లె
నలిగి, గోధుమరంగు తిరిగి, అంటుకొని ఉంది.
వంటింట్లో లిస్సీ ఉంది.
చెబుదామని నోరు తెరిచాను.
చెప్పలేదు.

లిస్సీ చూసింది.
చూసి, స్టవ్వు మీద తన గిన్నె
కొంచెం పక్కకు జరిపింది.