ఎడమ మలుపు

వర్తూరు దాటాక దారి రెండుగా చీలుతుంది.
కుడివైపు ఇరవై అంతస్తులు, ట్యాంకరుకి మూడు వేలు.
ఎడమవైపు రేకుల షెడ్లు, వరసలో బిందెలు,
బిందెల వెనక రాయచూరు నుంచి కూలికొచ్చిన ఆడవాళ్ళు.

పోయిన ఏప్రిల్లో కుడికే తిప్పాను.
ఆ డబ్బుతో ఫ్రిజ్ కొన్నాం.
రాత్రంతా దాని గుర్రు వింటూ పడుకునేవాణ్ణి.
ప్రభువు బల్ల రోజున చిన్న గిన్నె చేతికొస్తే
గుటక దిగలేదు.
"తాగు" అని సలోమి మోచేత్తో పొడిచింది.

ప్రభువా,
ఆ రోజు నువ్వే స్టీరింగు పట్టి లాగి ఉండొచ్చు.
లాగలేదు.
ఈ చేతుల మీద అంత నమ్మకమేమిటయ్యా నీకు?
ఏడాదంతా అదే నా కోపం.

ఈ ఏప్రిల్లో
ఎడమకి ఇండికేటరు వేశాను.
ఓనరు ముద్దప్ప ఫోను మోగుతూనే ఉంది.
పైపు విప్పగానే ఒక పిల్ల
బిందె పక్కన పడేసి
తల పెట్టింది ధార కింద.

సాయంత్రానికల్లా తాళాలు ఇచ్చేయమన్నాడు.
నడిచే వచ్చాను ఇంటికి, పన్నెండు కిలోమీటర్లు.
జీతం సంగతి సలోమి అడగలేదు, ఇంకా.
ఫ్రిజ్ తలుపు తీసి సీసా అందించింది.

దిగింది.