రిపోర్టులో లేని గడి

డిసెంబరు వచ్చింది. వాల్దివియాలో వాన
ఇంకా మూటాముల్లే సర్దుకోలేదు.
చరిత్ర శాఖ గుమాస్తాని నేను.
ఏడాదంతా జరిగినదాన్ని నాలుగు గడుల్లో కుక్కాలి:
సభలు, ప్రచురణలు, పురస్కారాలు, ఇతరములు.

సభలు సులువు.
మార్చిలో కొత్త పిల్లలకి స్వాగతం. బిస్కట్లు చాల్లేదు.
జూన్‌లో నదీ నౌకల మీద ప్రసంగం.
వక్త ఓసోర్నో నుంచి రావాలి, బస్సు బురదలో దిగబడింది.
ఇరవైముగ్గురం కట్టెల పొయ్యి చుట్టూ మూగి
వినని ప్రసంగం మీద గంటన్నర వాదించుకున్నాం.
"విజయవంతంగా జరిగింది" అని టైపు చేశాను.
అబద్ధమేం కాదు.

పురస్కారం ఒక్కటే.
అమదోర్ కాత్రిలెయో గారికి, చేతులు మారిన భూముల
పాత పట్టాలు చదివినందుకు, పతకం.
పట్టాలు దొరికాయి, భూములు రాలేదు.
కిటికీ గాలికి కాగితాలు ఎగరకుండా
పతకాన్ని వాటి మీద పెట్టుకున్నాడాయన.

ప్రచురణల దగ్గర నా వేళ్ళు ఆగాయి.

ఓర్తెన్సియా ఓయర్సూన్
పద్నాలుగేళ్ళుగా ఒకే ఒక్క ఆదివారం మీద పనిచేస్తోంది.
అరవయ్యో సంవత్సరం, మే నెల,
భూమి పడవైపోయిన మధ్యాహ్నం.
ముసలివాళ్ళ గుమ్మాలు ఎక్కి ఒకటే అడిగేది:
"అప్పుడు మీ చేతిలో ఏముంది?"
ఒకరి చేతిలో గరిటె.
ఒకరి చేతిలో మంగలికత్తి, సగం గడ్డం నురగలోనే.
ఒకరి చేతిలో తమ్ముడి చెప్పు. ఒక్కటే.

ఆ వ్యాసానికి ముఖచిత్రం గోడగడియారం,
మూడూ పదకొండు దగ్గర ముళ్ళు బిగుసుకుపోయి.
"ఊరి గుండె ఆగిన నిమిషం" అని రాసింది.
ఎక్కడెక్కడివాళ్ళో మెచ్చుకున్నారు.
నేనూ ఒక కాపీ దాచుకున్నాను.

ఆగస్టులో ప్రదర్శన. గాజుపెట్టెలో గడియారం.
తడికోటుతో వచ్చింది దోన్యా ఎదెల్మీరా వెనూల్.
గాజుకి ముక్కు ఆనించి చూసింది.
నవ్వింది.

"మా నాన్నది ఇది. ఆ రోజు ఆగలేదమ్మా.
గోడ కూలింది, ఇది పిండి బస్తాల మీద పడి
టిక్కుటిక్కుమంటూనే ఉంది.
గురువారం దాకా నడిచింది.
కీ ఇచ్చే చెయ్యి కొర్రాల్ రేవుకి వెళ్ళింది కదా,
తిరిగి రాలేదు.
ముళ్ళు నేనే జరిపాను, చాన్నాళ్ళకి.
తొమ్మిదేళ్ళదాన్ని.
సరిగ్గా ఆ వేళకే ఆగిందంటే తప్ప
జనం ఆగి చూసేవాళ్ళు కాదు."

హాల్లో ఎవరూ దగ్గను కూడా లేదు.
శాఖాధిపతి రేకుల కప్పు వైపు చూశాడు,
కారే చుక్కల్ని లెక్కపెడుతున్నట్టు.
పప్పులో కాలేసినవాళ్ళు ముందు కాలు దాచుకుంటారు.
ఓర్తెన్సియా కుర్చీ లాక్కుని ఆవిడ మోకాళ్ళ దగ్గర కూచుంది:
"గురువారం ఎన్నింటికి?"

సెప్టెంబరులో పత్రికకి ఉత్తరం రాసి
వ్యాసాన్ని వెనక్కి తీసేసుకుంది.
అక్టోబరులో ప్రమోషన్ కమిటీ కూచుంది, కాఫీ తాగింది, లేచింది.
జాబితాలో ఆమె పేరు లేదు.

ఇప్పుడు చెప్పండి, దీన్ని ఏ గడిలో వెయ్యను?
ప్రచురణ కాదు. పురస్కారం అసలే కాదు.
ఇతరముల్లో, జిరాక్స్ మిషను మరమ్మతు పక్కన
పెట్టడానికి చెయ్యి రాలేదు.

అయిదో గడి గీశాను.
స్కేలు కనబడక కొంచెం వంకర పోయింది.
పైన శీర్షిక ఏం పెట్టాలో తోచలేదు,
లోపల ఒక్క ముక్క:
"గురువారం దాకా నడిచింది."

డీన్ ఆఫీసు నుంచి ఫోను, టైపు పొరపాటా అని.
కాదండీ అన్నాను.
అవతల కాసేపు ఏమీ వినబడలేదు.
బయట చేపల బజారు మెట్ల దగ్గర
సముద్రసింహాలు గొంతు చించుకుంటున్నాయి,
తమకి రావలసిందేదో
ఇంకా రానట్టు.