లెక్క

కారు కదిలే ముందు నాన్న వెనక్కి తిరిగి
మా తలలు లెక్కపెట్టేవాడు.
ఉన్నది ముగ్గురమే.
అయినా వేలు చూపించి ఒకటి, రెండు, మూడు,
ఆపైన అమ్మ వైపు చూసి నాలుగు.
అప్పుడుగానీ తాళంచెవి తిరిగేది కాదు.

మేజర్ ఓరెస్ట్ కోవల్చుక్,
కెనడా సైన్యం, ఇంజినీర్ల దళం.
డాఫిన్ దగ్గర గోధుమ చేలల్లో పుట్టి
మందుపాతరలు వెతికే విద్య నేర్చినవాడు.
నేల అంటే మా తాతకి విత్తు చల్లేది.
నాన్నకి, అనుమానించేది.
పిక్నిక్‌కి వెళ్ళినా గడ్డి మీద దుప్పటి పరిచే ముందు
ఒక్క క్షణం ఆగి చూసేవాడు.

షైలో, గేజ్‌టౌన్, జర్మనీలో లార్, మళ్ళీ షైలో.
ఇరవై మూడేళ్ళు, పద్నాలుగు క్వార్టర్లు.
గోడలన్నిటికీ ఒకటే రంగు, సర్కారు వారి మీగడ రంగు.
కిటికీలు మాత్రం ఏ రెండూ ఒక కొలత కావు.
అమ్మకి ఉన్నది ఒకే జత పచ్చ తెరలు.
లార్‌లో జానెడు గుడ్డ అతికింది,
గేజ్‌టౌన్‌లో మడిచి కుట్టింది,
షైలోలో విప్పింది.
ఆ అంచుల్లో వరసలు వరసలుగా సూది చిల్లులు.
చదవడం వస్తే మా చిరునామాలన్నీ అక్కడే ఉన్నాయి.

"నీ కాపురం నాతోనా, కుట్టుమిషన్‌తోనా?"
అన్నాడోసారి నాన్న, నవ్వుతూనే.
"నీది?" అంది అమ్మ, నోట్లో గుండుసూదులతో.
ఆ పూట సూప్ గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

సైప్రస్ నుంచి ఉత్తరాల్లో
నారింజ తోటలుండేవి, మేకలుండేవి,
కంచె అవతలి నుంచి జున్నుముక్క అందించే
ఒక ముసలమ్మ ఉండేది.
పేలింది ఏదీ ఉండేది కాదు.
తిరిగొచ్చిన రాత్రి మెట్ల మీద గౌను మోకాళ్ళ కిందికి లాక్కుని విన్నాను:
"ఆరుగురిని తీసుకెళ్ళాను, డోరీన్.
ఐదే వచ్చింది.
మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ."

బాథర్స్ట్‌లో కార్పొరల్ గేతాన్ రోబిషో తల్లికి
టైపురైటర్ మీద ఫ్రెంచిలో ఉత్తరం,
పక్కన నిఘంటువు, తెల్లారేదాకా.
ఒక్క అక్షరం తప్పినా కాగితం మార్చేవాడు.
కొడుకు పోయిన కబురులో కొట్టివేతలుండకూడదట.
ఏటా ఆ తేదీకి ఒక కార్డు రాసేవాడు.
మూడో ఏడు ఆవిడ నుంచి ఒక పొట్లం వచ్చింది:
ఎర్ర ఉన్ని చేతితొడుగులు, ఎవరి చేతి కొలతకో అల్లినవి,
నాన్నకి కాస్త పెద్దవి.

నా పదహారో పుట్టినరోజుకి ఆయన లేడు.
మార్కోకి టాన్సిల్స్ తీసిన రోజున లేడు.
లరీసా మొదటిసారి ఈతకొట్టిన చెరువు ఒడ్డున లేడు.
లెక్కలు నాకూ వచ్చు.
ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను, ఇరవై రెండేళ్ళప్పుడు.
"సరిగ్గానే కూడావు" అన్నాడు,
బూట్లకి పాలిష్ పెడుతూ, తలెత్తకుండా.

లెఫ్టినెంట్ కల్నల్‌గా దిగిపోయి డాఫిన్ చేరాక
బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే పని
అడిగి మరీ పుచ్చుకున్నాడు.
మంచుగాలి చెవులు కోసే పొద్దున
నారింజ రంగు చొక్కా, చేతిలో ఆగమనే పలక,
ఆ పలక పట్టుకున్న ఎర్ర చేతితొడుగులు.
ధాన్యం లారీలు సైతం బుద్ధిగా నిలబడేవి.
ఊళ్ళో సగంమందికి ఆయన కల్నల్ అని తెలీదు.
తెలిసినవాళ్ళు జాలిపడ్డారు,
పాపం, పొద్దుపోక అని.

పోయినవారం గరాజ్ సర్దుతుంటే
పచ్చతెరల మడతలో ఆయన జేబు నోటుబుక్కులు దొరికాయి, పదకొండు.
యుద్ధాల సంగతులేమోనని కింద కూర్చుని తెరిచాను.

ఫిబ్రవరి 8. మైనస్ ముప్ఫై ఒకటి. నలభై ఒక్కరు. అందరూ దాటారు.

ఫిబ్రవరి 9. మైనస్ ముప్ఫై నాలుగు. నలభై.
పెటర్సన్ వాళ్ళ చిన్నదానికి జ్వరమట.
ఇంటికెళ్ళి కనుక్కున్నాను.