భూమి ఉన్నదని చెప్పాలె

నయీంనగర్ల మిర్చి బండి ఎనుక మెట్లెక్కితే
రెండో అంతస్తుల ఎనిమిది కంప్యూటర్లు.
రాత్రి ఏడున్నరకు క్లాసు.
నా చుట్టూ డిప్లొమా పిల్లలు.
నేను మొగిలిని. రాడ్డు పని. నలభై మూడేండ్లు.
మౌసు పట్టుకుంటే
వేళ్ల మీది బైండింగు తీగ గీతలు
లైటుకు తెల్లగ మెరిసినయి.

"ముందు చుక్క పెట్టుండ్రి" అన్నది నౌషీన్ మేడం.
"చుక్కంటే నోడు. రెండు చుక్కలు కలిపితే మెంబరు."
గింతేనా అనుకున్న.
మూడు మీటర్ల దూలం గీసిన.
మీద బరువు పెట్టి, మీట నొక్కిన.
ఎర్రటి అక్షరాలు.

మేడం వచ్చి వంగి చూసింది:
"అన్నా, దీనికి భూమి ఉన్నదని తెల్వది.
మనం చెప్పాలె."

ఇరవై రెండేండ్ల సంది
గుంతల్ల దిగి జాలీలు పరుస్తున్న.
కింద నేల ఉన్నదా అని
ఎన్నడన్న అడిగిన్నా?
ఆ రాత్రి దూలం రెండు కొసలకు
రెండు చిన్న త్రికోణాలు పెట్టి
భూమిని నేనే ఇచ్చిన.
అప్పుడు నిలవడ్డది.

మర్నాడు పిల్లరుకు రెండువందల ముప్పై అని కొట్టిన.
అది మిల్లీమీటర్లల్ల లేదట, మీటర్లల్ల ఉన్నదట.
ఓరుగల్లు కోటను తీస్కపోయి
దాంట్ల దాచిపెట్టచ్చు.
పిల్లలు కడుపు పట్టుకొని నవ్విండ్రు. నేను గూడ.

ఇంకోనాడు "సొంత బరువు మర్చిపోయినవ్ అన్నా" అన్నది.
ఎవరి బరువు వాళ్లు మోసినంకనే
మందిది మోసుడు.
ఇది నాకు ఇంకొకలు చెప్పాల్నా?
చెప్పాల్సొచ్చింది.

శనివారం బాల్కనీ.
ఒక కొస గోడల, ఒక కొస గాలిల.
బరువు పెట్టంగనే తెర మీద
కొంగ మెడ తీరుగ వంగింది. గుండె జల్లుమన్నది.
"భయపడకు. వందింతలు పెంచి చూపిస్తది.
అసలు వంపు నాలుగు మిల్లీమీటర్లే."
ఇంకో బొమ్మ తెరిచి
గోడ మొదట్ల మీది అంచును గోటితోని చూపింది.
"గుంజుడంతా ఇక్కడ. అందుకే రాడ్డు మీదుండాలె."

పిల్లలు రాసుకున్నరు.
నేను రాసుకోలే.

గోపాల్‌పూర్ల పెండ్యాల సార్ ఇల్లు. ఆరేండ్లాయె.
రాడ్డు మీదనే కట్టిన, నా చేత్తోనే.
కుర్చీలు తక్కువ పడ్డయి.
పొద్దు వోతున్నది, మిల్లరు కిరాయి ఎక్కుతున్నది.
తట్టలు మోసేటోళ్ల కాళ్ల కింద
జాలీ అడుగడుగుకు కిందికి దిగుతున్నది.
చూసిన.
చూసి, తంబాకు నలుపుకుంట నిలవడ్డ.

అందరు పోయినంక ఆ బాల్కనీ గీసిన.
నాలుగున్నర ఫీట్లు, అయిదంగుళాల మందం,
కొలతలు నోటికే ఉన్నయి.
రెండుసార్లు నడిపించిన.
బాగనే ఉన్నదన్నది కంప్యూటర్. అంతా పచ్చగ.
దాని లెక్కల రాడ్డు మీదనే ఉన్నది.
కిందికి దిగిన సంగతి
దానికెవరు చెప్పిండ్రు?

"ఫైలుకు పేరు పెట్టన్నా, లేకుంటే పోతది."
తలుపు కాడ తాళంచెవితోని మేడం.
పెండ్యాల సార్ అని కొట్టబోయి
చెరిపి
మొగిలి అని కొట్టిన.

ఆదివారం పొద్దుగాల
ట్రాలీల నాలుగు టేకాలు ఏస్కొని పోయిన.
బాల్కనీ మీద వడియాలు ఎండుతున్నయి.
పక్క అంచున, గోడ మొదట్ల
వెంట్రుకంత సన్నం గీత.
కింద ఓ చిన్న పోరి సైకిల్ ఆపి
"ఎవరు కావాలె అంకుల్?" అన్నది.

"మీ తాతను పిలువు బిడ్డా.
జర నువ్వు గీ దిక్కు జరుగు."