ఉమ్మనీరు

ఇక్కడ ఆడదాన్ని బిడ్డ పేరుతో పిలుస్తారు.
మాతుమెలో అంటే తుమెలో తల్లి.
తుమెలో పదకొండో నెలలో పోయాడు,
పేరు మాత్రం ఆమెను వదల్లేదు.

జులై. లెసోతో కొండల మీద మంచు.
దారి గుర్రానికి తెలుసు కాబట్టి వచ్చారు,
జీను మీద ఆమె, కళ్ళెం పట్టుకుని అత్త.

లాంతరెత్తి నేను అడగాల్సింది ఒకటే మాట,
అత్త వినకుండా:
మాత్ర మింగావా?

ఏడో నెలలో ఇచ్చాను. తెల్లది. ఒక్కటే.
నొప్పులు మొదలవగానే, అన్నాను.
కంబళి అంచు విప్పి, ఉన్నిలోకి దూర్చి
మళ్ళీ నేనే కుట్టిచ్చాను.
మొగుడు గనుల్లో, సరిహద్దు అవతల.
ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.
చెప్పుకునే జబ్బా అది?

ఇప్పుడు అంచు తడిమితే కుట్టు ఊడి ఉంది.
లోపల ఏమీ లేదు.
మింగిందా, మంచులో జారిందా?
నొప్పి మీదున్న మనిషి జవాబు చెప్పదు,
నా మణికట్టు విరిచేస్తుంది, అంతే.

సరే, నా పని నేను చేస్తాను.
ఇన్నేళ్ళూ కాస్త ఆలస్యమైతే చాలు
కొక్కెంతో నీటిసంచి చిట్లించేదాన్ని.
ఇవాళ కొక్కెం డబ్బాలోనే.
కత్తెరా అక్కడే.
ఆ పొర ఉన్నంతసేపూ
తల్లి నెత్తురికీ బిడ్డకీ నడుమ ఒక గోడ,
ఉల్లిపొరంత గోడ.
ఆగవే, అని నా చేతుల్నే తిట్టుకున్నాను.
పుట్టుకతోనే తొందర చేతులు నావి.

స్టవ్ దగ్గర కూర్చున్న అత్త
నా వైపు చూడకుండానే అంది:
"వాగు దాటేచోట గుర్రాన్ని ఆపాను.
పళ్ళతో కుట్టు కొరికాను.
దోసిట్లో మంచు కరిగించి మింగించాను.
నీ కుట్టు వంకర, నర్సమ్మా.
మా ఇంట్లో అలా ఎవరూ కుట్టరు."

కాసేపాగి,
"తుమెలోని కడిగింది నేనే" అంది.

తెల్లారగట్ల పొర తనంత తానే చిట్లింది.
ఆ వెనకే తల.
ఆడపిల్ల. రెండు కిలోల ఏడువందలు.
గొంతులోకి గొట్టం తొయ్యలేదు,
మెత్తటి గుడ్డతో నోరూ ముక్కూ తుడిచాను.
నెత్తురు చిమ్మకుండా
బొడ్డు మీద గుడ్డ కప్పి కోశాను.
సిరంజిలో అర మిల్లీ మీద ఓ చుక్క,
చెంప లోపలికి జార్చాను.
మొహం చిట్లించింది. మింగింది.

అత్త అప్పుడే పేరు పెట్టేసింది:
మొసెలాంచా. కుక్కతోక.
చావు తొంగిచూసి, ఛీ, ఇదెవరిక్కావాలి అని
గడప దాటి పోతుందట.
రిజిస్టరులో మందు గడి, పక్కనే పేరు గడి.
రెండూ నింపాను.

"ఎప్పుడు తెలుస్తుంది?"
ఏడాదిన్నరకి గానీ నెత్తురు నిజం చెప్పదన్నాను.
వేళ్ళు మడిచి లెక్కేసుకుంది,
రెండో పంట మొక్కజొన్న
గింజ పాలు పోసుకునే నాటికి.

వెళ్తూ వెళ్తూ సూది అడిగింది.
కోడలి కంబళి అంచు
గుమ్మంలో నిలబడే కుట్టేసింది,
ఈసారి తిన్నగా.