సిరా

గురువారం బస్సులో
నా సీటు వెనకే కూర్చుంటాడు లెఫ్తేరిస్.
ఉక్కు ఫ్యాక్టరీ మానేసి ఇరవై రెండేళ్లయినా
వయాలా ఎర్రదుమ్ము
అతని చెవి మడతల్లో ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

పాయింట్ లోలీ దీపస్తంభం దాకా
దారి పొడుగునా చెబుతాడు,
ఎన్ని వందల ఏళ్ల కిందటో వాళ్ల దేశంలో ఒక పెద్దాయన
జాలరుల పక్కన కూర్చుని రాసుకున్న సంగతులు.
గాలి ముదిరితే తేనెటీగ
చిన్న రాయి పట్టుకుని ఎగురుతుందట, కొట్టుకుపోకుండా.
చచ్చిపోయిన పిల్లని డాల్ఫిన్లు
మునిగిపోనివ్వకుండా వీపుతో ఎత్తి పడతాయట.
ఆక్టోపస్‌కి మాత్రం బుద్ధి లేదట.
నీళ్లలో చెయ్యి పెడితే చాలు, దగ్గరికొచ్చేస్తుందట.

"దాన్ని బుద్ధి లేకపోవడం అంటారా?" అన్నాను గేరు మారుస్తూ.
"ఆయన్నే అడుగు" అన్నాడు.

జూన్ నెల. కటిల్ చేపలు జతకట్టే చలికాలం.
రాళ్ల మీంచి వంగి చూస్తే మోకాటి లోతులో వందలు.
ఊసరవెల్లి తాపీగా చేసే పని
ఇవి రెప్ప వేసేలోగా చేసి, మనసు మార్చుకుని,
మళ్లీ చేస్తాయి.

ఒడ్డునంతా వాటి తెల్లటి బిళ్లలు.
మా నాన్నమ్మ చెవిపోటుకి అరగదీసిన సముద్రపు నురుగు ఇదేనని
నలభై రెండో ఏట ఇక్కడ తెలిసింది నాకు.
నురుగు కాదది. ఎముక.

"ఆడదానికి బరిసె దిగితే
మగది వదలకుండా పక్కనే నిలబడుతుంది.
మగదానికి దిగితే ఆడది పారిపోతుంది.
అలా రాశాడు మహానుభావుడు."
థర్మోస్ మూత తిప్పుతూ ఆగాడు.

"ఎనభై ఒకటిలో మిల్లులో నా వీపు కాలింది.
దెస్పీనా పదకొండు వారాలు
ఆస్పత్రి ప్లాస్టిక్ కుర్చీలోనే పడుకుంది.
తర్వాత తనకి రొమ్ములో గడ్డ లేచినప్పుడు
నేను నైట్ షిఫ్టులు
అడిగి మరీ వేయించుకున్నాను."

కాఫీ పొయ్యలేదు. మూత మళ్లీ బిగించాడు.

"పెద్దాయన చూసింది నిజమే అయ్యుండొచ్చు.
మమ్మల్ని చూళ్లేదు కదా."

మిసెస్ ప్రిచర్డ్ శాలువా జారిపోతోందని
లేచి వెళ్లాను నేను.
అది జారలేదు. అయినా సర్దాను.

కటిల్ చేప సిరా చిమ్మేది భయమేసే కాదట,
దాక్కోవడానికి కూడానట.
అదీ ఆయనే రాశాడట.

వెళ్లే వేళకి లెఫ్తేరిస్
రాళ్ల అంచున గొంతుక్కూర్చుని
చెయ్యి నీళ్లలో పెట్టాడు, మణికట్టు దాకా.
గడియారం తియ్యలేదు.
ఏదీ రాలేదు.
హారన్ కొట్టబోయి మానేశాను.
వేళ్లు నీలమయ్యాయి. ఇంకా ఏదీ రాలేదు.
చెయ్యి తియ్యలేదు.

డిపోలో లాగ్ పుస్తకం తెరిచి
ఆలస్యం: పద్దెనిమిది నిమిషాలు, అని రాశాను.
కారణం అనే గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది.
గాలి, అని రాశాను.